సముద్రం పక్కనే ఉప్పు మాయం

ఇట్టా దగ్గరికి జరిగి కూర్చోండి. సముద్రం పక్కన కాపురముండి, ఉప్పనేదే పుట్టకుండా చేసిన మహాతల్లి కథ చెబుతాను. ఆ మహాతల్లిని నేనే.

అరవైల నాటి మాట. మైపాడు దగ్గర మా మామకు ఉప్పుమళ్లు ఉండేవి. మా ఆడబిడ్డ సుగుణ హైస్కూలు ఆఖరి తరగతి. "బళ్లో ప్రదర్శన పెడతారంట కదా, నువ్వు చేసింది సార్లు మెచ్చితే నెల్లూరు కాలేజీ. లేకుంటే చదువు చాలు" అనేశాడు మామ.

ఆ పిల్ల ఒక చెక్క మీద రెండు చోట్ల మూడేసి వలయాలు గీసి, తుమ్మబంకతో గురివింద గింజలు అతికించింది.

"ఇవేంది మే?"

"ఎలక్ట్రాన్లు వదినా. ఇది సోడియం, అది క్లోరిన్. రెండూ కలిస్తే మన ఉప్పు."

ప్రదర్శన రోజు పొద్దున తను స్నానానికి పోయినప్పుడు చూశాను. రెండింటికీ లోపల రెండు గింజలు, తర్వాతి వలయంలో ఎనిమిది. బయటి వలయంలో మాత్రం సోడియానికి ఒకటే! పెళ్లివారంతా బండెక్కి పోతే విడిదింట్లో మిగిలిపోయిన ముసలమ్మలాగా ఉంది. క్లోరిన్‌కు ఏడు. ముగ్గులు పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా? బంక పట్టక రాలిపోయాయనుకుని రెండు చోట్లా ఎనిమిదికి నింపి, గుడ్డ కప్పేశాను. నేనూ మామా సుగుణ వెంట బడికి పోయాం.

బళ్లో గుడ్డ తీసేసరికి సుగుణ ఎండుచేపలా బిగుసుకుపోయింది.

"ఇది సోడియమా అమ్మాయ్?" అన్నాడు సారు.

"రాలినవి నేనే అతికించినా సార్!" అన్నాను గొప్పగా. వెనక మామ దగ్గాడు.

సుగుణ ఒక్క క్షణం నావైపు చూసింది. అబ్బ, ఆ పిల్ల గుండె దిటవు!

"మా వదిన పొరపాటు సార్. అయినా దీంతోనే చెప్తా. బయట ఎనిమిది నిండితే ఇంకొకరితో పనుండదు. భోంచేసొచ్చిన చుట్టాల మాదిరి, ఎవురూ ఎవురి విస్తరీ ముట్టరు. ఇట్టయితే మా నాయన మళ్లలో చిటికెడు ఉప్పు పుట్టదు."

గోటితో సోడియానివి ఏడు, క్లోరిన్‌ది ఒకటి పీకేసింది. మిగిలిన ఒంటి గింజను ఇటునుంచి అటు మార్చింది.

"ఇచ్చినదానికి లోపలి ఎనిమిదే బయటి వరస. పుచ్చుకున్నదానికీ ఎనిమిది నిండింది. ఇంక రెండూ విడిపోవు, అదే ఉప్పు. బయటి ఈ గింజలే వేలెన్సీ ఎలక్ట్రాన్లు సార్."

సారు కుర్చీలోంచి లేచి మరీ మెచ్చుకున్నాడు. మామ కండువాతో కళ్లు తుడుచుకుని, "అమ్మే, నెల్లూరికి ఎప్పుడు పోవాల?" అని కూతుర్ని అడిగి, నావైపు తిరిగాడు.

"కోడలా, నువ్వు మాత్రం మన మళ్లకాడికి రాబాకు."

ఆనాడే సముద్రం సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఎంత బోసిగా కనబడినా సరే, చదువుకునే పిల్ల ఖాళీగా వదిలిన చోట గింజ పెట్టను.

విన్న మీ ఇంట ఉప్పుజాడీ ఎన్నడూ వెలితి పడకూడదు. మీ ఆడపిల్లలు సుగుణంత నిబ్బరంగా బతకాలి.