నా పెళ్లికి మరిగిన కారు

నా పెళ్లి ముహూర్తాన్ని మా అన్న కారు చేతిలో పెట్టారంటే అందులో సగం తప్పు నాదే. పెళ్లికూతురు హోసూరు నుంచి కృష్ణగిరికి బస్సులో పోవడమేమిటి, మా అన్న కారులోనే పోతానని పట్టుబట్టి రెండు రోజులు అన్నం మానేశాను. అంటే, రెండో రోజు మధ్యాహ్నం దాకా లెండి. ఆ పూట అమ్మ చింతచిగురు పప్పు చేసింది.

మాది కొలిమి పని. అన్న మాత్రం నాగళ్లు వదిలి ఇంజన్ల మీద పడ్డాడు. ఎవరో దొర వదిలిపోయిన పాత కారును తుక్కు కింద తెచ్చి, చచ్చిపోయిన ఇంజను పీకేసి, లారీ ఇంజను దించాడు. బానెట్టు మూతపడలేదు. మూత లేకుండానే తిప్పాడు. బండి లేడిలా ఉరికేది, కానీ రెండు మైళ్లకొకసారి బుసబుసా మరిగేది. "ఏమప్పా, కాఫీ కాచినావా?" అని వీధిలో అందరూ ఎగతాళి చేసేవాళ్లు. పెళ్లి మాటలకు వచ్చిన పెళ్లికొడుకు చిన్నాన్న కూడా దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఈ నీళ్లకాగులో అమ్మణ్ణిని తెస్తావా? మేమే బస్సు పంపిస్తాం లేప్పా!" అన్నాడు. అన్న మొహం మాడిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. నా నిరాహారదీక్ష అందుకే.

అన్న చిన్న రేడియేటరు తీసి లారీది పెట్టాడు. అది కారు ముక్కు దాటి బయటికి పొడుచుకొచ్చింది. నాలుగు రెక్కల ఫ్యాను పోయి ఆరు రెక్కలది వచ్చింది. దాని గాలి పక్కలకు చెదరకుండా కిరసనాయిలు డబ్బా రేకు కోసి చుట్టూ గూడు కట్టాడు. "అంతా గాలిలోనే ఉండాది పాపా! నీళ్లు వేడిని మోస్తాయి, అంతే. దాన్ని ఎత్తుకొని పొయ్యేది గాలి" అని నాకు పాఠం చెప్పేవాడు. ఏదో అర్థమైనట్టు తల ఊపేదాన్ని. జూజువాడి దాకా పోయి వచ్చాం. కెలవరపల్లి దాకా పోయి వచ్చాం. మరగలేదు! అన్న రోడ్డు మీదే గంతులు వేశాడు. నేనూ వేశాను. పెళ్లి కుదిరిన పిల్లకు ఇదేం పోయేకాలమని అమ్మ తిట్టింది.

పెళ్లి పెళ్లికొడుకు ఇంట్లో, ముహూర్తం పది గంటలకు. చుట్టాలందరూ ముందురోజే వెళ్లిపోయారు. తెల్లవారగానే కారులో బయలుదేరింది అన్న, నేను, అమ్మ, మేనత్త. మా ఇళ్లలో మొక్కకుండా సుత్తి కూడా ఎత్తరు. ఆయుధపూజ నాడు కొలిమితిత్తికి సైతం మాల వేస్తాం. ఇక పెళ్లికి కదిలే బండిని ఉత్తినే పోనిస్తామా? మేనత్త రేడియేటరుకు బొట్టు పెట్టి చామంతి మాల వేసింది. అమ్మ బంతిమాల వేసింది. వీధివాళ్లు తలా ఒకటి తెచ్చి వేశారు. పైన మామిడాకులు. అన్న కూడా ఒక మాల కళ్లకద్దుకుని వేశాడు. రేడియేటరు ఎక్కడుందో కనిపించలేదు. అబ్బ, బండి ఎంత ముద్దుగా ఉందో!

శూలగిరి చేరకముందే బుస్సుమంది.

అన్న తడి గోనెసంచి కప్పి రేడియేటరు మూత తిప్పాడు. ఆవిరి ఎగజిమ్మింది. మేనత్త "అయ్యో దేవుడా" అంటూ పట్టుచీర ఎత్తిపట్టి అవతలి చేనుదాకా పరుగు తీసింది. నాకు నవ్వు ఆగలేదు. "వేడి ఇంజనుకు సన్నీళ్లు పోస్తే బ్లాకు పగలతాది, ఉండండి" అని అన్న చాలాసేపు ఆపాడు. చల్లారాక పోశాడు. ఐదు మైళ్లు పోయామో లేదో, మళ్లీ! బెల్టు చూశాడు, బిగువుగానే ఉంది. గొట్టాలు తడిమాడు, కారడం లేదు. రేడియేటరు అడుగు కుళాయి తిప్పాడు, నీళ్లు తేటగానే వచ్చాయి. చివరికి పెళ్లికని తెచ్చిన బిందె ఎత్తాడు. "అవి గంగపూజ నీళ్లప్పా!" అని మేనత్త మొత్తుకుంది. వింటేగా!

అమ్మ ఎండ చూసి "తొమ్మిదయి ఉంటాది" అంది. అన్న రోడ్డు పక్కన కూలబడ్డాడు. "నీళ్లకాగని ఆయప్ప అన్నట్లే అయిపాయె పాపా. ముహూర్తం తప్పితే నీ మొగం ఎట్ల చూసేది?"

అప్పుడు నవ్వు పోయింది. ఏడుపొచ్చింది. దారిలో పెళ్లికూతురు కాలు కింద పెట్టకూడదని మేనత్త నన్ను దిగనివ్వలేదు. పూలజడ, మెడనిండా దండలు, ఒళ్లంతా చెమట. విసుగుపుట్టి దండలు లాగి పారేశాను. మెడకు గాలి తగిలింది. హమ్మయ్య అనుకుంటూ ముందుకు చూశాను. ఎదురుగా బండి ముక్కు మీద పూలకుప్ప.

ఒక్క దూకు దూకాను. "కాలు పెట్టొద్దే!" అని మేనత్త అరుస్తూనే ఉంది.

"అన్నా! దండలు తీస్తే నాకే ప్రాణం లేచొచ్చింది. దానికి ముక్కూ నోరూ మూసేస్తిమి కదన్నా!"

అన్న బండిని చూశాడు, నన్ను చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. "గాలి గాలి అని అరిచినోన్ని నేనే, దాన్ని మూసినోన్నీ నేనే!"

గబగబా మాలలన్నీ ఊడదీశాం. "పెండ్లి బండికి ఏసిన పూలు దావలో పారేస్తారా?" అని మేనత్త అడ్డుపడింది. "అయితే మెడలో ఏసుకో అత్తా!" అని అన్న రెండు ఆమె మెడలో వేశాడు. అమ్మకు రెండు, నాకు రెండు. మిగిలినవన్నీ తానే వేసుకున్నాడు, చెవుల దాకా వచ్చాయి. ఇక బండి ఉరికింది చూడండి! నలుగురం కేకలు పెడుతూనే ఉన్నాం.

పందిరి ముందు పెళ్లికొడుకు చిన్నాన్న నోరు తెరిచి నిలబడ్డాడు. "వీళ్లలో పెండ్లికూతురు ఎవురప్పా?"

"అది తర్వాత. ముందు బండిని చూడు మామా, రవ్వంత ఆవిరి వస్తా ఉండాదా?" అన్నాడు అన్న.

ఆయన వంగి చూశాడు. రావడం లేదు. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది.

మర్నాడు అన్న, అమ్మ, మేనత్త హోసూరుకు బయలుదేరారు. మేనత్త మళ్లీ ఒక బంతిమాల పట్టుకుని బండి ముందుకు వచ్చింది. నేను లాక్కుని వెనక కట్టాను. ముందు కట్టి ఉంటే బండి తిరగగానే కనబడకపోయేది. వెనక కట్టాను కాబట్టి రోడ్డు మలుపు దాకా ఆ పసుపు కనిపిస్తూనే ఉంది. బండి చల్లగా, చక్కగా పోయింది. దేవుడా, ఈ ఒక్కసారికి మరగనీ, మా అన్న వెనక్కి వస్తాడు అని నేనెంత మొక్కుకున్నానో అతనికి ఎప్పుడూ చెప్పలేదు.