పెనంలో పెట్టిన థర్మామీటరు

మొన్న మనవరాలు అరిసెలకు పాకం పడుతూ, ఫోనులో చెప్పిన డిగ్రీలు వచ్చేదాకా దించనంటే, నేనే లేచి వెళ్లి స్టవ్ ఆపేశాను. దానికి కోపం వచ్చింది, నాకు మాత్రం మా మామగారు గుర్తొచ్చారు.

అప్పట్లో నేను మదనపల్లె కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే కొత్త లెక్చరర్ని, సదుం దగ్గరి పల్లెకు కొత్త కోడల్ని. నా ఉద్యోగం మానిపించాలా వద్దా అన్నది మామగారు ఇంకా తేల్చలేదు. ఆ దిగులుతోనే, నా చదువు ఇంటికి పనికొస్తుందని చూపించాలని, చెరకు గానుగాడి బెల్లం వండే రోజుల్లో కాలేజీ థర్మామీటరు ఒకటి సంచిలో పెట్టుకుని పోయాను. నీళ్లలో తీపి కరిగి ఉంటే ఆ నీళ్లు ఆవిరి కావడానికి మొరాయిస్తాయి, అందుకే చెరకురసం చిక్కబడేకొద్దీ మరగడానికి ఇంకా ఇంకా వేడి కావాలి, ఆ వేడిని కొలిస్తే పాకం ఎక్కడికొచ్చిందో తెలిసిపోతుంది. ఇంత సులువైన దానికి చన్నీళ్లలో పాకం చుక్క వేసి వేళ్లతో నలిపి చూడటమెందుకని నా ధీమా. మామగారు తల ఊపి, రసం కాచే పెద్ద పెనం ఒకటి నాకు వదిలేశారు.

ఆయన చెయ్యి రెండుసార్లు నీళ్లగిన్నె వైపు పోయింది, రెండుసార్లూ నేనే ఆపాను. పుస్తకంలో రాసిన నూట పద్దెనిమిది వచ్చాకే దించమన్నాను. అప్పటికే పాకం ముదిరి, అడుగంటి, అచ్చుల్లో పోస్తే నల్లరాళ్లయింది. నా ఉద్యోగం అక్కడితో సరి అనుకుని అందరి ముందూ ఏడ్చేశాను.

"ఆ బుక్కు రాసినోళ్లది ఏ వూరమ్మా?" అని నిమ్మళంగా అడిగారాయన.

అప్పుడు తట్టింది నాకు. ఉత్త నీళ్లు మరిగించి చూస్తే థర్మామీటరు తొంభై ఎనిమిదిలోపే ఆగిపోయింది. మాది ఎత్తు మీది సీమ, గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు వందకు ముందే మరుగుతాయి. పుస్తకంలో లెక్కేమో సముద్రపు ఒడ్డున ఉండేవాళ్లది. పిల్లలకు బోర్డు మీద రాసి మార్కులు వేసిన సంగతే, పొయ్యి దగ్గర తోచలేదు. సిగ్గుపడుతూ చెబితే ఆయన పకపకా నవ్వి, "అయితే ఇది నీ పిల్లోళ్లకు సెప్పల్ల గదమ్మా, సోమారం బస్సుకు పో" అన్నారు.

ఆ మాడిన బెల్లాన్ని మండీకి తోలలేదు. ఏడాది పొడుగునా రోకలితో కొట్టించి తన కాఫీలో వేసుకున్నారు. ఎవరడిగినా "ఈ తూరి సెరుకు అట్లుండాది" అన్నారే గానీ నా పేరెత్తలేదు.

ఇప్పుడు మా వైపు పొలాల్లో చెరకు పోయి టమాటా వచ్చింది, బెల్లం పొట్లాల్లో కొనుక్కుంటున్నాం. రిటైరయ్యేదాకా ఆ పాఠం చెప్పాను, ముందు ఉత్త నీళ్లే మరిగించి చూపించాను. చేదు కాఫీ తాగుతూ నన్ను బస్సెక్కించిన మనిషికి మాత్రం, మీరు చాలా మంచివారు మామా అని ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పలేదు. ఆ రోజుల్లో కోడళ్లు అలా చెప్పేవాళ్లు కాదు. ఇప్పటి పిల్లలు ఇష్టాన్ని ఇట్టే చెప్పేస్తున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త అసూయ కూడా.