దొర ఇంటి బొమ్మకు మా నాయన చెప్పిన కథ

మొన్న కడపలో నేనుండే సందులోకి దూదేకే ఆయన ఒకరు వచ్చి, అరుగు మీద నా పాత పరుపు విప్పి ఏకుతుంటే, ఆ దూది ధూళి వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. దిద్దుతున్న బడిపిల్లల పుస్తకాలు పక్కకు నెట్టి చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను. నాకు అది మా నాయన వాసన.

మేము కర్నూలులో దూదేకులవాళ్లం. తుంగభద్రకు దగ్గర్లో మా మట్టిమిద్దె. ఎండాకాలం ఏరు ఎండి ఇసుక మిగిలితే ఆడవాళ్లు చెలమలు తవ్వి చిప్పలతో నీళ్లు తోడుకునేవాళ్లు, ఆ నీళ్లలో ఇసుక రుచి ఉండేది. పీర్ల పండగకు మా జేజి, నాయన తల్లి, బెల్లం, సోంపు వేసి చొంగె రొట్టెలు కాలుస్తుంటే వీధి మొనదాకా కమ్మగా వాసన వచ్చేది. మామూలు రోజుల్లో జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి, అంతే. అక్కచెల్లెళ్లు లేరు గనుక అచ్చనగాయలు నేనొక్కదాన్నే ఆడుకునేదాన్ని. కుడిచెయ్యి ఒకరు, ఎడమచెయ్యి ఇంకొకరు. ఎడమచెయ్యి ఓడిపోతే నిజంగానే బాధేసేది.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ జ్వరమొచ్చి పోయింది. ఆనాటి నుంచి నాయన నాతో మాట్లాడడం మానేశాడు. కోపం కాదు, కొట్టింది లేదు, తిట్టిందీ లేదు. నేను ఎదురుగా కూర్చొని ఉన్నా జేజి వైపు తిరిగి, "ఆ బిడ్డను రొట్టె తినమను" అనేవాడు. జేజి నా వైపు తిరిగి అదే మాట అనేది. నాకు అమ్మ పోలికని అందరూ అనేవాళ్లు. నా ముఖం చూడలేకనే అట్లా చేశాడని ఇప్పుడు తెలుస్తుంది గాని, అప్పుడు తెలియలేదు. ఆయన నా వైపు తిరిగి ఒక్క మాట అంటే చాలునని, రెండేళ్లు ఎదురుచూశాను.

విచిత్రమేమంటే ఊరంతటికీ నాయన మాటకారి. పాత పత్తి గోదాములో మధ్యాహ్నం పూట మూగబొమ్మలు, అంటే మాటల్లేని సినిమాలు, ఆడించేవాళ్లు. తెర పక్కన స్టూలు మీద నిలబడి, ఆ బొమ్మల్లోని రాజుకూ రాణికీ, దొంగకూ, గుర్రానికీ కూడా మాట చెప్పేది మా నాయనే. పొద్దున దూది ఏకి, తలలో పోగులు దులుపుకొని అట్లాగే పోయేవాడు. గోనెపట్టాల అడ్డం వెనుక ఆడవాళ్ల మధ్య జేజి ఒళ్లో కూర్చొని నేను తప్పకుండా వినేదాన్ని. ఇంట్లో దొరకని గొంతు అక్కడ దొరికేది.

ఇంగ్లీషు బొమ్మ వస్తే, రైల్వేలో పనిచేసే గుమాస్తా ఒకాయన ముందుగా చూసి, మధ్యలో వచ్చే అక్షరాలు చదివి నాయనకు కథ చెప్పేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు దొరల సీమదేశం నుంచి ఒక కుటుంబం కథ, నవ్వుల బొమ్మ వచ్చింది. హాలు యజమాని ఊరంతా దండోరా వేయించాడు. తీరా రీళ్లు ఆట వేళకు గాని దిగలేదు. గుమాస్తా చూస్తే పెండ్లాం బిడ్డలతో మహానందికి పోయినాడు. నాయన ఏమీ తెలియకుండానే స్టూలెక్కాడు.

తెర మీద పెద్ద బంగళా. పొడుగు బల్ల చుట్టూ మీసాల దొర, ఇంట్లోనే గొడుగు వేసుకొని కూర్చున్న ముసలమ్మ, హాల్లో సైకిలు తొక్కే కొడుకు, నా ఈడు కూతురు. అందరివీ నల్ల బట్టలు, ఒకరి ముఖం ఒకరు చూడరు. ఒక కుర్చీ ఖాళీ, దాని ముందర మాత్రం పళ్లెం, గ్లాసు పెట్టి ఉన్నాయి. నాయన కొంతసేపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"అది ఆ ఇంటి ఇల్లాలి కుర్చీ. ఆయమ్మ చచ్చిపోయి శానా దినాలు కాలేదు."

అంతే, గోనెల వెనుక ఒకామె ముక్కు చీదింది. ముసలమ్మ గొడుగు, కొడుకు సైకిలు, అన్నీ దుఃఖంతో మతి చలించిన పనులైపోయాయి. ముందు కుర్చీల్లో రైల్వే దొర, దొరసాని పొట్ట పట్టుకొని నవ్వుతుంటే, వెనక చాపల మీద మావాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ రైల్వే దొర వెనక్కు తిరిగి తిరిగి మావాళ్లను చూశాడు. యజమాని తలుపు దగ్గర తల పట్టుకొని నిలబడ్డాడు.

ఇంతలో తెర మీద ఒక పెద్ద కుక్క వచ్చి, దర్జాగా ఆ కుర్చీ ఎక్కి పళ్లెంలో తినడం మొదలుపెట్టింది. మీసాల దొర దాని చెవిలో ఏమో చెప్పుకుంటున్నాడు.

"తోబా తోబా, తినే పళ్లెం కాడ కుక్కా?" అంది జేజి.

నాయన గొంతు ఆగిపోయింది. మిషను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా నాయనను చూసి అందరూ నవ్వుతారని నాకు భయమేసింది. అప్పుడు ఆయన మెల్లగా అన్నాడు.

"పెండ్లాం పోయినాక ఆయప్పకు మాట్లాడేకి ఎవురూ లేరు. కుక్కతో మాట్లాడతాండాడు. పక్కన బిడ్డ ఉండాది. బిడ్డతో మాట్లాడేకి నోరు రాదు."

ఎవరూ నవ్వలేదు. జేజి చెయ్యి నా వీపు మీద బిగుసుకుంది.

ఆఖర్లో ఆ కూతురు కుక్కను దించి, తానే కుర్చీలో కూర్చుంటుంది. దొర లేచి చేతులూపుతూ ఏదో అరుస్తాడు. "లెయ్, అది మీ అమ్మ కుర్చీ అంటాండాడు" అని మొదటి రోజు చెప్పి, నాయన స్టూలు దిగిపోయాడు.

ఆ నవ్వుల బొమ్మకు ఏడవడానికి ఐదు రోజులు జనం విరగబడి వచ్చారు. కొడుకు పోయిన తల్లి ఒకామె ఓర్వకల్లు నుంచి బండి కట్టించుకొని వచ్చింది. యజమాని డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. గుమాస్తా తిరిగొచ్చి నిజం కథ చెప్తానన్నా, నాయన వద్దన్నాడట. నేను ఐదు రోజులూ పోయాను. ఐదో రోజు దొర చేతులూపుతుంటే నాయన వేరే మాట చెప్పాడు.

"కూర్చో బిడ్డా. తిను. నేనుండా గదా."

ఆ సాయంత్రం రొట్టె దగ్గర ఆయన ఎప్పటిలాగే జేజి వైపు తిరిగి, "బిడ్డను తినమను" అన్నాడు. జేజి చెప్పకముందే తిన్నాను. ఆయన వాకిట్లోకి పోతే నేనూ పోయి పక్కన కూర్చున్నాను. లేవమనలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆయనకు కనపడనివ్వలేదు.

కొన్నేళ్లకు బొమ్మలకే మాటలొచ్చాయి. స్టూలు తీసేశారు. ఆ తర్వాత నాయన ఊరితో కూడా మాట్లాడడం తగ్గించి, ఒకనాడు ఎవరితోనూ ఏమీ చెప్పకుండానే కన్నుమూశాడు. ఇప్పుడు కడపలో టాకీకి పోతే అందరి గొంతులూ వినిపిస్తాయి, రీళ్లలో భద్రంగా ఉన్నాయి. అంతమందికి మాట చెప్పిన మా నాయన గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఆ ఐదో రోజు మాట నాకే చెప్పావా అని ఆయన్ను ఒక్కసారి అడిగుండొచ్చు. కానీ ఆ ఇంట్లో పెరిగినదాన్ని, నాకూ నోరు రాలేదు.