రొయ్యపిల్లలు ఎక్కిన కారు

కారు కొన్న సంగతి నాకు మొదట చెప్పింది మా ఆడపడుచు గారు. హైదరాబాదు నుంచి వస్తూ మావారు జంగారెడ్డిగూడెంలో వాళ్లింట భోజనానికి ఆగారట. ఆయన విస్తరి ముందు కూర్చున్నారో లేదో, ఆవిడ నాకు ఫోన్ చేశారు.

"వదినగారూ, అన్నయ్య పడవలాంటి కారేసుకొచ్చారండి. మా సందులో తిరగక వీధి చివర పెట్టి నడిచొచ్చారు. మీకు చెప్పే కొన్నారా?"

"లేదండి."

"అయితే నేను చెప్పానని అనకండి. వచ్చాక కొంచెం ఆశ్చర్యపోండి."

నటించే పని లేకపోయింది. కారు మా వాకిట్లోకి వచ్చేసరికి నిజంగానే ఆశ్చర్యపోయాను. నల్లటి కారు. లోపల తోలు సీట్లు, నున్నగా మెరిసే చెక్క. తలుపు వేస్తే చప్పుడే లేదు. విదేశంలో తయారై, హైదరాబాదులో ఎవరో కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లు తిరిగి, మామూలు కొత్త కారు ధరకే మావారికి దొరికింది. తొంభైల మధ్య మాట ఇది. మొగల్తూరు దగ్గర మా ఉప్పునీటి చెరువుల్లో రొయ్య బాగా పండిన ఏడు. దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంత ఇచ్చిన అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను. మా ఇళ్లలో ఆడవాళ్లకు ఘోషా, వాళ్లెక్కే కారుకు తెరలుండాలి కాబట్టి దర్జీని పిలిపించి మెరూన్ వెల్వెట్ తెరలు కుట్టించాం. అద్దాలు ఎలాగూ నలుపే. అయినా తెర ఉండాల్సిందే.

మా ఇళ్లలో నా చిన్నప్పుడు ఆడపిల్లలు బడికీ వెళ్లేవారు కాదు. నాకూ మా అక్కయ్యకూ నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. అక్కయ్యకు పెళ్లయిన కొద్ది కాలానికే బావగారు పోయారు. పిల్లలు లేరు, అత్తవారు ఏమీ ఇవ్వలేదు. నిడదవోలులో ఒక వాటా అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. నాన్నగారు నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల పల్లం ఆ పక్కనే. సార్వా, దాళ్వా రెండు పంటలకూ ఆ పొలం మీద వచ్చే గింజ మొత్తం అక్కయ్యకే వదిలేశాను. మావారు ఎన్నడూ కాదనలేదు. అందుకు నేను ఆయనకు ఈనాటికీ రుణపడే ఉన్నాను. ఆ గింజే ఆవిడ తిండి. తిన్నంత తిని, మిగిలింది అమ్మి అద్దె కట్టుకునేది. ఎవరి గడపా తొక్కకుండా, ఎవరిచేతా మాట పడకుండా బతికిందంటే ఆ రెండెకరాల వల్లే.

కారు మొదటి ఏడాది మమ్మల్ని బాగానే తిప్పింది. టైర్లు అరిగాకే మాకు దాని సంగతి తెలిసింది. ఆ సైజు టైర్లు భీమవరంలో లేవు, రాజమండ్రిలో లేవు. మద్రాసు నుంచి లారీలో తెప్పించాం. తర్వాత బ్రేకులు. వాటికోసం మా పాడిగేదె వెళ్లిపోయింది. ఏసీ, ఆ తర్వాత వెనక చక్రాల మీద కూర్చున్న ఏదో ఆయిలు గొట్టం. కారు నిలబెట్టిన చోట వెనకభాగం ముసలి ఎద్దులా కూలబడేది. ఏది పాడైనా విజయవాడ తీసుకెళ్లాలి. ఆ జాతి కార్లు తెలిసిన మెకానిక్ అక్కడే ఉన్నాడు. మావారు ఒకసారి అతనితో బేరమాడితే అతను నవ్వాడట.

"బాబుగారూ, బండి సెకండ్ హ్యాండ్ గానీ, సామాన్లకి సెకండ్ హ్యాండ్ రేటుండదండి. కొత్త బండి కొన్నాయనకీ మీకూ ఒకటే బిల్లు."

"అయితే అమ్మేస్తే పోలా?" అన్నాను ఆ కథ విని.

"కొనేవాడికి కూడా మెకానిక్ తెలుసండి" అన్నారు మావారు.

మావారి అన్నగారు, మా పెద్ద బావగారు, అరుగు మీద కూర్చుని అందరూ వినేలా, "ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడితే ఎలాగయ్యా?" అన్నారు. మావారూ అందరితో పాటు నవ్వేశారు. ఆ రాత్రి మాత్రం అన్నం సరిగా తినలేదు.

అమ్మలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది. రొయ్యల మేత అంతా అరువు మీదే వస్తుంది. పంట పట్టాక లెక్క తీర్చాలి. మేత ఏజెంటు మన చెరువు కన్నా మన వాకిలినే ఎక్కువ చూస్తాడు. చెరువు గట్టు మీద కారు ఆగి ఉంటే మేత లారీ వస్తుంది. కారు కనపడకపోతే, "వాళ్ల పని అయిపోయిందట" అన్న మాట లారీ కన్నా ముందు వస్తుంది. తెల్లమచ్చ రోగం వచ్చి ఒక పంట పోయాక, ఆ కారు మాకు వాహనం కాదు. మేత సంపాదించి పెట్టే మనిషి. దానికి జ్వరం వచ్చినా ఊళ్లో తెలియకూడదు.

మరుసటి పంటకు మేం చేసిన పనిని మా చెరువుల వాళ్లు తప్ప వేరెవరూ చేసి ఉండరు. రొయ్యపిల్లల్ని, గుడ్లు పొదిగించే హేచరీ నుంచి, ఉప్పునీళ్ల సంచుల్లో, ఆక్సిజన్ పట్టించి, వ్యాన్‌లో ఐసు మధ్య తెస్తారు. ఆ వేసవిలో ఐసు దారిలోనే కరిగి పక్కూరి వాళ్ల పిల్లలన్నీ చచ్చిపోయాయి. మావారికి ఆలోచన వచ్చింది.

"చల్లటి కారు ఇంట్లో పెట్టుకుని ఎండలో వ్యాను ఎందుకండి? పిల్లల్ని ఏసీలో కూర్చోబెట్టి తెద్దాం."

"మీ అత్తవారి ఊరు నుంచి ఆడపెళ్లివారిని తెచ్చినట్టు తెరలు కూడా వేసి తెండి" అన్నాను. ఆయన చాలా రోజుల తర్వాత పకపకా నవ్వారు.

నిజంగానే తెరలు వేసుకుని వచ్చాయి. సీట్ల మీదా, కాళ్ల దగ్గరా సంచులే. ఒక్క పిల్ల చావలేదు. ఊళ్లో వాళ్లు వచ్చి ఆయన తెలివిని మెచ్చుకున్నారు. దారిలో ఒక సంచి పిగిలి ముందు సీటు కింద తడైందని డ్రైవరు చెప్పాడు. తివాచీ తీసి ఎండలో వేశాం. ఆరింది. ఉప్పు వాసన పోవడానికి నేనే కర్పూరం పెట్టాను. అంతటితో అయిపోయిందనుకున్నాం.

పంట పట్టడానికి ఇంకో నెలన్నర ఉండగా, కారు ఉన్నట్టుండి రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. ఎంత చేసినా కదలలేదు. చీకటి పడ్డాక ట్రాక్టరుకు కట్టి, ఊరి బయటి దారిన లాక్కుపోయి లారీకి ఎక్కించారు. విజయవాడలో ఆ మెకానిక్ తివాచీ ఎత్తి చూస్తే, ముందు సీటు కింద ఉండే కంప్యూటరు పెట్టె ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉందట.

"ఇందులోకి సముద్రం ఎలా వచ్చిందండీ?" అని అడిగాడట.

మావారు తివాచీ మళ్లీ కప్పేసి, బిల్లు ఎంతవుతుందో అడిగారట.

ఆ పెట్టె జర్మనీ నుంచి రావాలి. వైరింగు మొత్తం మార్చాలి. మావారు వచ్చి చెప్పిన అంకె ఇక్కడ రాయను. ఇల్లు అప్పటికే బ్యాంకులో ఉంది, నా నగలూ అక్కడే ఉన్నాయి. ఆయన పెరట్లోకి వచ్చి, తులసికోట దగ్గర నా పూజ అయ్యేదాకా నిలబడ్డారు. మా ఇళ్లలో భార్యనైనా మీరనే అంటారు. ఆ రోజు ఆ మర్యాద వినడం కష్టమైంది.

"మీ నిడదవోలు పొలం అడగకూడదండి. నాకు తెలుసు. కానీ మేత ఆగితే చెరువంతా పోతుంది. పంట పట్టగానే మొట్టమొదట ఆ పొలమే తిరిగి కొంటాను."

"అక్కయ్యకి ఏం చెప్పను?"

"నేను వెళ్లి చెబుతాను."

ఆయన్ని వెళ్లనివ్వలేదు. నేనే బస్సులో వెళ్లాను. తెరలు లేని ప్రయాణం నాకు అదే మొదటిది. అక్కయ్య చేటలో బియ్యం ఏరుతోంది. నేను నోరు విప్పేలోగానే, "కారు ఏదీ?" అంది. నాకు ఏడుపు వచ్చేసింది. అంతా వింటూ బియ్యం ఏరుతూనే ఉంది.

"నీ పొలమేనమ్మా. ఇన్నాళ్లూ తిన్నాను. సంతకం పెట్టు."

"పంట రాకపోతే?"

"రాకపోతే నువ్వు సంతకం పెట్టకపోయినా రాదు. పెట్టలేదని మీ ఆయన జీవితాంతం నిన్ను చూస్తాడు. ఆ చూపు కింద నువ్వు బతకలేవు. నేను తిండి తక్కువైతే బతకగలను, అలవాటే."

"మా ఇంటికి వచ్చేయండి అక్కయ్యా."

"ఎందుకూ? మీ ఆయన నన్ను చూసినప్పుడల్లా తల దించుకోడానికా? ఏసీ కారులో రొయ్యపిల్లలకి చోటు దొరికిందిగా, నాకెక్కడ సరిపోతుందిలే" అని నవ్వింది. వచ్చేటప్పుడు నాకు బస్సు డబ్బులు కూడా తనే చేతిలో పెట్టింది.

పొలం అమ్మాం. పెట్టె వచ్చింది. కారు మళ్లీ గట్టు మీద నిలబడింది. మేత లారీ కూడా వచ్చింది. తర్వాత ఒక తెల్లవారుజామున చెరువు అంచుల వెంట రొయ్యలు తేలాయి. ఒంటి నిండా తెల్లమచ్చలు. సాయంత్రానికి గట్టు మీద నిలబడలేనంత వాసన. ఏజెంటు వచ్చి, కారును చుట్టూ తిరిగి చూసి, తాళాలు అడిగి తీసుకెళ్లాడు. బాకీలో అది పావు వంతు కూడా కాలేదు. వెల్వెట్ తెరలు తీసుకోవచ్చా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

మావారు ఆ తర్వాత పొలం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎవరి చెరువుకో మేనేజరుగా సైకిలు మీద వెళ్లి వచ్చేవారు. ఇద్దరం ఒకే ఇంట్లో మెత్తగా, మర్యాదగా మాట్లాడుకుంటూ గడిపాం. అంతకన్నా ఒంటరితనం నేను ఎరగను. అమ్మవారికి దీపం పెడితే, ఏది అడగాలో తెలిసేది కాదు. కృతజ్ఞతలు చెప్పుకోవడం అలవాటైన నోరు కాబట్టి చెప్పేది. మనసు మాత్రం వెంట వచ్చేది కాదు.

అక్కయ్య వాటా ఖాళీ చేసి, వెనక వైపు ఒక్క గదిలోకి మారింది. పిండివంటలు చేసి అమ్మే వాళ్లింట్లో చాటుగా పని చేస్తోందని ఎవరో చెప్పారు. నేను అడిగితే, "కాలక్షేపం" అంది. నేను వెళ్లినప్పుడల్లా సన్నబియ్యం అన్నం పెట్టేది. ఒకసారి చెప్పకుండా వెళ్లాను. కంచంలో రేషను బియ్యం అన్నం, పచ్చిమిరపకాయ. నన్ను చూసి కంచం పక్కకు జరిపి, పక్కవాటా ఆవిడ దగ్గరికి గిన్నె పట్టుకుని వెళ్లింది. నేను వద్దనలేకపోయాను. వద్దంటే నాకు తెలిసిపోయినట్టు అవుతుంది. అరువు తెచ్చిన సన్నబియ్యం వండి నా ముందు పెట్టింది. "తిను, చల్లారిపోతుంది" అంటూ ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరింది.

ఆ వానాకాలమే అక్కయ్య పోయింది. జ్వరమన్నారు. ఒంట్లో ఏమీ లేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నాకు రెండు విధాలా అర్థమైంది. ఆవిడకు పిల్లలు లేరు కనుక ఏటా తలుచుకునే వాళ్లు లేరు. కొన్నాళ్లకు నేనూ ఉండను. ఇది చదివిన మీరు ఎవరైనా సరే, వేడన్నం ముందు కూర్చున్న ఏదో ఒక పూట, మొదటి ముద్ద తీసేముందు మా అక్కయ్యను ఒక్కసారి తలుచుకోండి.