అక్వేరియంలో పోసిన పంపునీళ్లు

ఒక్క అబద్ధమైనా ఆడకుండా ఒక మనిషికి అన్యాయం చేయవచ్చు. నేను చేశాను. నోరు మూసుకున్నాను, అంతే. నా మీద పడాల్సిన నిందను ఇన్నేళ్లూ నా తోడికోడలు మోసింది. నాకు తెలుసు, మొన్నమొన్నటిదాకా ఆమెకు తెలియదు. తెలిసీ ఊరుకోవడమే నా బరువు. ఇంట్లోవాళ్లందరికీ చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. నేనెవరో తెలియని మీకైతే చెప్పగలను.

మాది తెనాలి. పెళ్లికాకముందు మా మరిదికి చేపల పిచ్చి. హాల్లో ఈశాన్యం మూల పెద్ద అక్వేరియం పెట్టాడు. వాస్తుకు మంచిదన్నారని మా అత్తగారు ఒప్పుకున్నారు గాని, లేకపోతే ఆవిడ ఇంట్లో చేప అనేది కూర గిన్నెలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. మరిది పంపునీళ్లు నేరుగా పోసేవాడు కాదు. డ్రమ్ములో పట్టి, క్లోరిన్ మందు వాసన పోయేదాకా ఉంచి, పాత నీళ్లు కొంచెం తీసి ఇవి కొంచెం కలిపేవాడు. ఆ సంగతి నాకు ఎన్నోసార్లు చెప్పాడు కూడా. కాబట్టి తెలియక చేశానని అనలేను.

అతని పెళ్లి బాపట్లలో, ఆడపిల్లవారి ఊళ్లో జరిగింది. కొత్త జంట వచ్చేలోపు ఇల్లు సర్దమని నన్ను ముందే పంపేశారు. హాలు మెరిసిపోవాలని అత్తగారి ఆజ్ఞ. అక్వేరియం అద్దాలేమో పాచి పట్టి ఉన్నాయి. చేపల్ని బక్కెట్లో వేసి, తొట్టిని బ్లీచింగ్ పౌడరుతో తోమి, అడుగున రాళ్లు కూడా కడిగి, పంపుకు గొట్టం తగిలించి నింపేశాను. నీళ్లు మందు వాసన కొడుతున్నాయి. ముక్కుకు తెలుస్తూనే ఉంది. ఏమవుతుందిలే అనుకున్నానా? అసలేమైనా అనుకున్నానా? అందరూ పెళ్లిలో ఉంటే నేనొక్కదాన్నీ గచ్చు కడుగుతున్నానన్న ఉక్రోషం మాత్రం గుర్తుంది.

సాయంత్రం ఎర్రనీళ్లతో దిష్టి తీశాక కొత్త కోడలు కుడికాలు లోపల పెట్టింది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొత్త కోడల్ని చూడ్డానికే వచ్చాయని రేపల్లె పిన్నిగారు, అంటే అత్తగారి చెల్లెలు, అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అవి ఊపిరాడక పైకి వచ్చాయని నాకు అప్పుడే తెలుసు. మరిది పట్టి ఉంచిన నీళ్లు డ్రమ్ములో ఇంకా ఉన్నాయి. చేపల్ని అందులోకి మార్చవచ్చు. కానీ ఎందుకని అందరూ అడుగుతారు. మార్చలేదు.

తెల్లారేసరికి అన్నీ తేలిపోయాయి.

"నీళ్లు మార్చారా వదినా?" అన్నాడు మరిది.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. "నీళ్లకేంట్రా? నిన్నటిదాకా బానే ఉన్నాయిగా. వచ్చిన అడుగు అట్టాంటిది."

కొత్త పెళ్లికూతురు గుమ్మం దగ్గరే ఉంది. వింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అక్వేరియం అటకెక్కింది. ఆ మాట మాత్రం ఇంట్లో తిరుగుతూనే ఉంది. మంచి పని ఏదైనా మొదలుపెట్టేటప్పుడు ఆమెను పిలవడం మానేశారు. కొన్నాళ్లకు పిలవాల్సిన అవసరమే లేకుండా ఆమే తప్పుకోవడం నేర్చుకుంది. రేపల్లెలో పిన్నిగారి గృహప్రవేశంలో పాలు పొంగించే వేళ ఆమె గది బయటికి వెళ్లిపోయింది. నేను పొయ్యి పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు కదా? మంచి కోడలినన్న పేరు పోతుందని భయం. తర్వాత మరిది వాళ్లు బాపట్లకు మారారు. అత్తగారు పోయారు. ఆలస్యమైన కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

ఈమధ్య మా అమ్మాయి సరదా పడితే అక్వేరియాన్ని కిందికి దించాం. ఉప్పు పేరుకున్న మరకలు గీకి, పెరట్లో పెట్టి నీళ్లు నింపితే ఒక మూల కారింది. అక్కడ కొత్తగా సిలికాన్ పెట్టించాం. హాల్లోకి చేర్చి మళ్లీ నింపాక, ఫిల్టరు మోటారు నడుపుతూ నీళ్లను చాలా రోజులు అలాగే ఉంచాను. అమ్మాయి తొందరపెట్టినా వినలేదు. చివరికి చేపలు తెచ్చిన రోజే తోడికోడలు ఏదో పని మీద మా ఇంటికి వచ్చింది. చేపల కవరు చూసి వరండాలోనే ఆగిపోయింది.

"నేను వెళ్లాక వదలండక్కా. మళ్లీ ఏమన్నా అయితే పిల్ల ఏడుస్తుంది," అంది. బాధగా కూడా కాదు, మామూలుగా అంది.

అప్పుడు చెప్పేశాను. బ్లీచింగు, పంపునీళ్లు, డ్రమ్ము, అన్నీ. నా ఉక్రోషం సంగతి కూడా చెప్పబోయి, సిగ్గేసి ఆపాను.

ఆమె చేతిసంచి భుజానికి తగిలించుకుంది. "అత్తయ్యగారు ఉన్నప్పుడు చెప్పాల్సిందండి," అంది. అక్కా అనలేదు. బాపట్ల బండికి టైమైందని వెళ్లిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే పోనీలెండి అనేసేది, అలాంటి మనిషి. ఆ మాట కూడా ఆమె చేత అనిపించుకోదలచలేదు. ఇక మరిదికీ, మావారికీ చెప్పాలి. ఆ రోజు రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది. బాపట్లలో ఆమెకు పట్టిందో లేదో తెలియదు.