కప్పకు కొలతలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మేము కిరాయికి ఉండే ఇంటి ముందుగదే నా టైలరింగ్ షాపు. ఆ గదిలో నా కుట్టుమిషన్ కింద, చల్లగా ఉంటుందని, మా ఆయన మూతకు చిల్లులు పొడిచిన టిఫిన్ డబ్బా ఒకటి పెట్టేవాడు. అందులో కప్పలుండేవి. ఆదివారం పొద్దున్నే వాటిని గాలానికి గుచ్చి, అల్మాస్‌గూడ అవతలి చెరువులో కొర్రమట్టల కోసం వేసేవాడు. కొర్రమట్ట వేటాడి తినే చేప. నీటి మీద కప్ప కదిలితే ఆగదు. కప్ప కదిలితే నేనూ ఆగను, కాకపోతే అటువైపు పరుగెత్తను.

మా ఆయన ఎల్బీ నగర్ మెట్రో దగ్గర ఆటో నడుపుతాడు. రెండేళ్ల కిందటి దాకా ఆయన ఆదివారాలన్నీ వైన్స్ ముందే గడిచేవి. తాగుడు మానేశాక ఆ ఖాళీలో చెరువును పెట్టుకున్నాడు. అందుకే డబ్బా గురించి నేను నోరు మెదపలేదు. మందు వాసన కంటే కప్పలు నయమని సర్దిచెప్పుకున్నాను.

ఒక శనివారం మూత సరిగా పడలేదు. పెళ్లి జాకెట్టు వేసుకుని చూసుకుంటున్న ఒక కోస్తా ఆవిడ అద్దంలోకి చూస్తూ, "అది కప్పేనా అండీ?" అని మర్యాదగా అడిగింది. ఆ తర్వాత గుండుసూదులతో సహా వీధిలోకి పరుగెత్తింది. నేను అప్పటికే వీధిలో ఉన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పేశాను. "గా కప్పలు ఇంట్ల ఉంటే నేనుండ."

ఆయన డబ్బా తీసుకుపోయి కప్పలను మురుగు నాలాలో వదిలేసి వచ్చాడు. మరునాడు చెరువుకు పోలేదు. తర్వాతి ఆదివారమూ పోలేదు, గోడకు ఆనుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. మూడో ఆదివారం పదకొండింటికి, "జర బయటికి పోయొస్త" అన్నాడు. అరగంటలో పాల ప్యాకెట్ పట్టుకుని వచ్చాడు, అంతే. కానీ ఆ అరగంటలో నేను కుట్టిందంతా విప్పాల్సి వచ్చింది. నాకు భయం వేసింది. ఆ భయాన్ని ఇంట్లోకి తెచ్చింది నా నోరే.

ఫోమ్ ముక్కతో కప్ప బొమ్మ చేసి, దాంతో చేపలు పట్టడం ఫోన్‌లో చూశాను. దారం, కత్తెర నా దగ్గర ఉండనే ఉన్నాయి. అయితే ఆది లేకుండా నేను ఏదీ కుట్టను. కొలతలకు పాత జాకెట్టు తెస్తేనే కత్తెర పట్టుకుంటాను.

"ఒక కప్పను పట్కరా" అన్నాను.

"ఇంట్ల ఉండొద్దన్నవ్ గద?"

"ఆదికి. కొల్సినంక వదిలెయ్."

ఆయన కప్పను గుప్పిట్లో పట్టుకున్నాడు. నేను స్టూలెక్కి, పైనుంచి టేపు వదిలాను. పొడవు రెండున్నర అంగుళాలు. నడుము లేదు. పుస్తకంలో రాసుకున్నాను.

మొదటిది జాకెట్లలో పెట్టే కప్పుల ఫోమ్‌తో చేశాను. ఫోమ్ ఏదైనా ఫోమే అనుకున్నాను. బకెట్‌లో వేయగానే అది నీళ్లు పీల్చుకుని, మెల్లగా అడుగుకు పోయి కూర్చుంది.

"మస్తు తాగి పడ్డది. నా లెక్కనే" అన్నాడు మా ఆయన. మానేశాక ఆ సంగతి మీద ఆయన నవ్వడం అదే మొదలు. నేను నవ్వాలో వద్దో తెలియక బకెట్ కడిగాను.

రెండోదానికి నా పాత హవాయి చెప్పు కోశాను. తేలింది, కానీ వెల్లకిలా. చచ్చిన కప్పను కొర్రమట్ట ముట్టదట. మూడోసారి పక్కింటి పిల్ల స్కూలు ప్రాజెక్టులో మిగిలిన పచ్చ ఫోమ్ షీటు అడిగి తెచ్చాను. రెండు పొరల మధ్య గాలం కొక్కెం పెట్టి, అంటించి, దారంతో బిగించాను. కాళ్లకు జాకెట్టు వీపున వేలాడే లట్కన్లు కట్టాను. మెరూన్ రంగువే మిగిలాయి. బకెట్‌లో లాగితే బోర్లా తేలి, కాళ్లు తన్నింది.

"పెండ్లికి పోయే కప్ప లెక్కున్నది" అన్నాడు.

ఆదివారం ఆయనతో నేనూ చెరువుకు పోయాను. ఆయన కప్పను నాచు పక్కన వేసి, కొంచెం లాగి, ఆపి, మళ్లీ లాగాడు. గంటసేపు ఏమీ జరగలేదు. ఆయన మాటిమాటికీ టైం చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు నీళ్లు ఫట్‌మని పగిలి, కప్ప మాయమైంది. "మింగనియ్యాలె, ఆగాలె" అని దారి పొడవునా నాకు పాఠం చెప్పిన మనిషి ఒక్క క్షణం కూడా ఆగకుండా గుంజాడు. కొర్రమట్ట ఒకసారి మెలితిరిగి, వదిలించుకుని పోయింది. కప్ప తిరిగి వచ్చింది. ఒక లట్కన్ లేదు, వీపు సగం చీరుకుపోయింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, "పోదాం పా" అన్నాడు.

ఎల్బీ నగర్ దాకా ఆయన ఆటోను ఉరికించాడు. వైన్స్ ముందుకు రాగానే ఆటో ఆపాడు.

"కూసో, ఇప్పుడే ఒస్త."

కప్పలను ఉండనిచ్చినా బాగుండేది. ఆ డబ్బాను నా దిండు పక్కన పెట్టుకున్నా సరే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. ఆయన వైన్స్ మెట్లు దాటి, దాని పక్కనున్న స్టేషనరీ షాపు ముందు ఆగాడు. జేబులోంచి చిరిగిన కప్పను తీసి షాపతనికి చూపించి, నా వైపు తిరిగి అరిచాడు.

"పచ్చయి ఎన్ని దీస్కోవాలె? రెండు షీట్లు సరిపోతయా?"

"పది దీస్కో" అన్నాను. రోడ్డు మోతలో ఆయనకు వినబడలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.