నిద్రపోతున్న మనిషిని కాపాడిన రోజు

ఆ రోజుల్లో ఎవరికో ఒకరికి మేలు చేయకుండా పొద్దు గడిస్తే నాకు అన్నం సయించేది కాదు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కొత్తగా సూపర్‌వైజరుగా చేరాను. ఆదివారం మా చర్చిలో యువకుల కూటానికి పెద్దను. అందరూ నన్ను ‘చిన్న పాస్టరు’ అనేవాళ్లు. (అందులో ఎగతాళి ఉందని తెలియడానికి పదేళ్లు పట్టింది.) ఎక్కడ రక్తం కావాలన్నా ముందుండేవాణ్ణి, ముక్కూ మొహం తెలియని వాళ్ల శవపేటికలు మోసేవాణ్ణి. ఇంట్లో నీళ్ల మోటరు చెడిపోయి అమ్మ వారం రోజులు బిందెలు మోసినప్పుడు మాత్రం, మెకానిక్కును పిలిచే తీరిక నాకు దొరకలేదు.

నాయన పోయాక చెల్లెలి చదువు నా బాధ్యత. ఆమెకు తిరుపతిలో నర్సింగు సీటు వచ్చింది. చేరే రోజు పదకొండు గంటల్లోపు అసలు సర్టిఫికెట్లు చూపించాలి. ఆమె ముందురోజే వెళ్లి పిన్ని ఇంట్లో దిగింది; సర్టిఫికెట్ల కవరు పొద్దున నేనే తెస్తానన్నాను. “హాస్టళ్లు మారేదాన్ని, నాకాడుంటే యాడన్నా పారేసుకుంటా. నీకాడే ఉండనీ అన్నా” అని ఆ కవరు ఎప్పుడో నాకు అప్పగించింది. దాన్ని సంచిలో పెట్టుకుని, ప్రార్థనకని ఫోను నోరు నొక్కి, ప్రార్థన చేసుకుని, ఫోను సంగతి మరిచి, ఎనిమిదింటికి బైకు మీద బయలుదేరాను.

పూతలపట్టు కూడలి దాటగానే రోడ్డు పక్కన ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. నోటి పక్క నుంచి చొక్కా మీదికి ఎర్రటి చార. జనం చూసీ చూడనట్టు పోతున్నారు. బైబిల్లో, దారిలో పడివున్న పరాయివాణ్ణి ఎత్తుకుపోయి సత్రంలో చేర్చిన మనిషి గురించి మొన్న ఆదివారమే పాస్టరుగారు చెప్పారు. నా కోసమే చెప్పారనుకున్నాను. బైకు అక్కడే పెట్టి, ఆటో పిలిచి, ఆ భారీ మనిషిని లోపలికి తోసి, తిరుపతికి వీపు చూపించి చిత్తూరు ఆసుపత్రికి పోయాను. దారంతా ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని ప్రార్థించాను. (ఆయన గురక పెడుతున్నాడు. అవి చివరి ఊపిరులనుకుని నాకు కన్నీళ్లు ఆగలేదు.)

నర్సమ్మ సూది గుచ్చగానే ఆయన మంచం మీద ఎగిరి కూర్చున్నాడు.

“యావడ్రా నువ్వు? నన్ను యాడికి తెచ్చినావు?”

“రక్తం కారతా ఉంటే...”

“రక్తమా! వక్కాకు నమిలి నిద్రబోతే రక్తమా? రాత్రంతా మామిడికాయలు ఎత్తినా. లారీ వచ్చేదాకా ఒళ్లు వాల్సినా. ఇప్పుడు లారీ పొయ్యింటాది గదప్పా!”

నర్సమ్మ ఆయన చొక్కా వాసన చూసి, నా మొహం చూసి వెళ్లిపోయింది. అప్పుడు ఫోను తీశాను. చెల్లెలి నుంచి ఇరవై మూడు పిలుపులు. బైకు కోసం వెనక్కి పోయి, తిరుపతి చేరేసరికి పన్నెండున్నర. ఆమె కాలేజీ మెట్ల మీద కూర్చుని ఉంది. సీటు వరుసలో తర్వాతి పిల్లకు వెళ్లిపోయింది. జరిగింది చెప్పాను. చెల్లెలు ఏడవలేదు. కవరు తీసుకుని దుమ్ము దులిపింది.

“ఆయనకేం కాలేదు కదన్నా?” అని మాత్రం అడిగింది.

ఆ ఆదివారం పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. రోడ్డు, ఎర్రటి చార, ఒళ్లో తల, అన్నీ చెప్పాను. ఆయన నిద్రపోతున్నాడన్న సంగతి ఒక్కటే చెప్పలేదు. చప్పట్లు మోగాయి. ఆడవాళ్ల చాపల మీద చెల్లెలు తల వంచుకుని కూర్చుంది. ఇంటికి వచ్చాక అడిగింది:

“అన్నా, ఆ సత్రం కథలో కాపాడిన మనిషి ఆ పొద్దు యాడికి పోతా ఉన్నింటాడు? ఆయన కోసం ఎవురన్నా కాసుకోనుంటే?”

“అది రాయలేదు” అన్నాను.

“ఊ” అంది.

మరుసటి ఏడు ఆమెకు సీటు రాలేదు. రెండు సీజన్లు మా ఫ్యాక్టరీలోనే, నా కళ్ల ముందే, మామిడికాయలు కోసింది. నేను గంట కొడితే పని మొదలు పెట్టేది. ఆ తర్వాత తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరింది. తనకంటే చిన్న పిల్లలను ‘సిస్టర్’ అని పిలుస్తూ పదిహేనేళ్లు దాటాయి. నాతో ఎప్పుడూ ఒక్క మాట తూలలేదు. తిట్టి ఉంటే ఇద్దరికీ బాగుండేదేమో.

పోయిన ఏడు నా ఆపరేషనుకు ఆ ఆసుపత్రిలోనే చేరాను. మధ్యాహ్నం ఆమె నా వార్డు గుమ్మంలో కనబడింది. ఆ రోజు సంగతి ఎలాగైనా ఎత్తాలని, క్షమించమని అడగాలని, “కాసేపు కూసోమ్మా, నీతో మాట్లాడల్ల” అన్నాను.

“ఇప్పుడు కాదన్నా. ఆ కడ మంచం మీదుండే పెద్దాయనకు పక్క మార్సల్ల. ఆయన్ని నాకు అప్పజెప్పినారు. నీకు వదిన ఉండాది కదా.”

దుప్పటి నా కాళ్ల మీదికి లాగి వెళ్లిపోయింది. నా భార్య నన్ను వింతగా చూసి, “ఏం, నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు?” అంది.

ఏమీ లేదన్నాను. ఇరవై మూడేళ్ల వయసులో నేనెలా ఉండేవాణ్ణో గుర్తొచ్చింది. పాపం, లోకాన్ని కాపాడాలని ఎంత తొందరలో ఉండేవాడో.